యోసెమిటీ వ్యాలీలో జూన్ చివరి వారానికి టెంట్ సైట్ కావాలి, 8 మందిమి, అన్నీ ఫుల్

గోదారిగట్టు
కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో జూన్ చివరి వారానికి బుకింగ్ ఫిబ్రవరి 15 పొద్దున 7కి తెరుస్తారు కదా, ఆ రోజు ఆరున్నరకే లేచి నేనూ మా ఆవిడా రెండు ల్యాప్‌టాప్‌లు, రెండు ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్ గానీ లోయర్ పైన్స్ గానీ, ఆ వారంలో ఏవైనా మూడు రాత్రులు చాలనుకున్నాం. సరిగ్గా 7కి ఒక సైట్ నొక్కితే అప్పటికే ఎవరో తీసుకున్నారు. ఇంకోటి నొక్కితే అదీ పోయింది. 7 గంటల 3 నిమిషాలకల్లా మాకు కావలసిన వారంలో ఒక్క ఖాళీ కూడా లేదు.

మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి మొదటిసారి వస్తున్నారు. నాన్న అటవీ శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు, సగం సర్వీసు రంపచోడవరం, మారేడుమిల్లి వైపే. హోటల్ గది చూస్తానంటే "అడవికెళ్లి గదిలో పడుకోవడం ఏంట్రా, టెంట్ వెయ్యి" అన్నారు. ఆయన మాట తీసెయ్యలేను. మేం నలుగురం, అమ్మానాన్న, తమ్ముడూ మరదలూ, మొత్తం 8 మంది. ఫ్రీమాంట్ నుంచి వస్తాం. ఇలా అన్నీ ఫుల్ అయ్యాక కూడా సైట్ సంపాదించినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా దొరికిందో చెప్పండి. బ్లాకులో కొనే ఉద్దేశం మాత్రం లేదు.

టెంటుమామ
ముందుగా ఒక విషయం. 8 మంది ఒక సైట్‌లో కుదరదు. యోసెమిటీలో సైట్‌కి ఆరుగురే, పిల్లల్ని కూడా లెక్కపెడతారు. మీకు రెండు సైట్లు కావాలి.

ఇక 7:03కి ఆశ వదులుకుని లేచారు చూడండి, అక్కడ పొరపాటు జరిగింది. ఎవరైనా సైట్‌ని కార్ట్‌లో పెడితే అది 15 నిమిషాలు వాళ్ల కోసం ఆగుతుంది. ఆలోగా డబ్బు కట్టకపోతే మళ్లీ బయటికి వస్తుంది. భార్యాభర్తలు ఇద్దరూ చెరొక సైట్ పట్టుకుని ఒకటి వదిలేస్తారు, స్నేహితులు నలుగురు నాలుగు పట్టుకుని రెండు వదిలేస్తారు. అవన్నీ 7:10 నుంచి 7:20 మధ్య ఒక్కొక్కటిగా ఊడిపడతాయి. నాకు మూడేళ్లలో రెండుసార్లు 7:16కే దొరికింది. ఇంకోసారి ఆ టైమ్‌కి కుర్చీ దిగకండి.

అది అయిపోయింది కాబట్టి ఇప్పుడు మీకున్న దారి రద్దులు. రద్దు చేస్తే 10 డాలర్లు పోతాయి. దిగాల్సిన రోజునో, ముందురోజో రద్దు చేస్తే ఆ 10తో పాటు మొదటి రాత్రి డబ్బు కూడా పోతుంది. అందుకని ఊగిసలాడేవాళ్లు చివరిదాకా ఆగి, సరిగ్గా రెండు మూడు రోజుల ముందు రద్దు చేస్తారు. మీరు ఆదివారం బయల్దేరాలంటే బుధ, గురు, శుక్రవారాలు కాపు కాయాలి. బుకింగ్ వెబ్‌సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లోనే అలర్ట్ పెట్టుకునే సదుపాయం ఉంది, పెట్టుకోండి. కాకపోతే ఆ అలర్ట్ మీ ఒక్కరికే రాదు. ఫోన్ మోగాక కాఫీ తాగి చూద్దామంటే ఉండదు.

వీకెండ్‌వాకర్
మూడు నిమిషాల్లో మనుషులు బుక్ చేయడం సాధ్యమా? అన్నీ బాట్లే, అంటే వాటంతటవే బుక్ చేసే ప్రోగ్రాములే తీసుకుంటున్నాయని నా అనుమానం. మనం ఎంత తెల్లవారుజామున లేచినా లాభం లేదు.

బండరాయి
@వీకెండ్‌వాకర్ బాట్లు అసలు లేవని నేననను. కానీ లెక్క చూడు. వ్యాలీలో అప్పర్, లోయర్, నార్త్ పైన్స్ మూడూ కలిపినా 400 సైట్లు లేవు. కాలిఫోర్నియా అంతా, బయట రాష్ట్రాలు, విదేశాల వాళ్లు అందరూ ఒకే నిమిషంలో ఆ 400 మీద పడితే మనుషులతోనే అయిపోతాయి, బాట్లు అక్కర్లేదు.

ఒకప్పుడు ఇంకా ఎక్కువ ఉండేవి. 1997 జనవరిలో మెర్సెడ్ నదికి పెద్ద వరద వచ్చి అప్పర్ రివర్, లోయర్ రివర్ అనే రెండు క్యాంప్‌గ్రౌండ్లు దెబ్బతిన్నాయి. నది పక్క నేల కదా, మళ్లీ కట్టలేదు. ఇప్పుడు అక్కడ నడిస్తే గడ్డి, చెట్లే. గోదారి ఒడ్డున పెరిగిన మీ నాన్నగారికి చెప్పండి, ఏటి పక్క నేల ఎందుకు వదిలిపెట్టాలో ఆయనకి మనకంటే బాగా తెలుస్తుంది.

గోదారిగట్టు
@టెంటుమామ 15 నిమిషాల సంగతి నిజంగా తెలియదు. తెలిసుంటే ఏడున్నర దాకా కదిలేవాణ్ణి కాదు. రెండు సైట్ల మాట కూడా ఇప్పుడే వింటున్నా, చిన్నదానికి నాలుగేళ్లు, తననీ లెక్కపెడతారని అనుకోలేదు.

@బండరాయి 86లో వచ్చిన గోదావరి వరద గురించి నాన్న ఇప్పటికీ చెప్తుంటారు. ఆయన్ని తప్పకుండా అక్కడికి తీసుకెళ్తాను.

ప్లాన్‌బి
నేను చేసేది చెప్తా. ప్రతి నెలా 15న నా అకౌంట్‌తో, మా ఆవిడ అకౌంట్‌తో, మా బావమరిది అకౌంట్‌తో దొరికినన్ని శుక్ర శనివారాలు బుక్ చేసేస్తాం. తర్వాత ఏది కుదిరితే అది ఉంచుకుని మిగతావి రద్దు. ఒక్కోదానికి 10 డాలర్లే కదా పోయేది. నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా సైట్ లేకుండా లేము.

సియెర్రా_సుజాత
@ప్లాన్‌బి మీరు రాసింది చదివి బాధేసింది. పైన ఆయన అమ్మానాన్నల కోసం నాలుగు స్క్రీన్ల ముందు కూర్చుని ఉత్తి చేతులతో లేచారు. ఆ నిమిషంలో మీ దగ్గర ఎన్ని సైట్లు ఉన్నాయి? మీకు అవి "ఏది కుదిరితే అది". వాళ్లకి ఏడాదికి ఒకే ఒక్క వారం. 10 డాలర్లు పోవడం శిక్ష కాదు, మీరు కడుతున్న అద్దె అది. ఫుల్ అని రాసున్న క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రి తొమ్మిదికి నడిచి చూశాను, ఖాళీగా ఉన్న సైట్లు నేనే ఆరు లెక్కపెట్టాను. సైట్ ముందు గుంజ మీద పేరు ఉంది, మనిషి లేడు.

చిత్తూరుచిన్నోడు
సుజాతక్క చెప్పింది వంద శాతం నిజం. రాకపోయినా రద్దు చేయకపోతే ఆ సైట్‌ని మర్నాడు చెకౌట్ టైమ్ దాకా వాళ్ల పేరు మీదే ఉంచుతారు. మనం ఎదురుగా నిలబడి అడిగినా ఇవ్వరు. నాకు తెలుసు, అడిగాను.

ప్లాన్‌బి
ఇంత కోపం వస్తుందనుకోలేదు. నా వైపు కూడా వినండి. మా బాబుకి ఆస్తమా. 2020లో, 2021లో కార్చిచ్చుల పొగ ఎలా ఉందో అందరికీ గుర్తుంది కదా. ఒక వారాంతం మాత్రమే పెట్టుకుంటే, ఆ రోజు పొగ ఉంటే ఇక ఆ ఏడాది లేనట్టే. అందుకే మూడు నాలుగు పెట్టుకోవడం మొదలైంది. అమ్ముకోవడానికి కాదు. రాకుండా ఖాళీగా వదిలేయడం కూడా ఎప్పుడూ చేయలేదు, రద్దు చేస్తాను.

సియెర్రా_సుజాత
పిల్లాడి సంగతి తెలియక గట్టిగా అన్నాను, ఆ కంగారు అర్థమవుతుంది. అయినా మూడు అకౌంట్లతో అన్ని శుక్రవారాలూ పట్టడం అవసరమా? రెండు చాలు. పొగ వారం ముందే తెలియదు సరే, కానీ ఆఫీసు సెలవు దొరకదని, పరీక్షలున్నాయని నెల ముందే తెలుస్తుంది. తెలిసిన రోజే వదిలేయండి. రెండు రోజుల ముందు వదిలితే బే ఏరియా వాళ్లకి పనికొస్తుంది గానీ, విమానం ఎక్కి రావాల్సినవాళ్లకి దేనికీ పనికిరాదు.

టెంటుమామ
నేను చెప్పిన కిటుకు కూడా ఇలాంటి ఆలస్యం రద్దుల మీదే బతుకుతోంది, అది ఒప్పుకోవాలి. అందరూ ముందే వదిలేస్తే నా బుధవారం కాపలా పనిచేయదు. చేయకపోయినా ఫర్వాలేదు, అదే మంచిది.

బండరాయి
వ్యాలీలో ఇంకో చోటు ఉంది, మనవాళ్లు తక్కువ అడుగుతారు. క్యాంప్ 4. రాళ్లెక్కేవాళ్ల ఇల్లు అది, 2003లో చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో కూడా చేర్చారు. అక్కడ ఆర్‌వీలు (ఇల్లులాంటి బండ్లు), కుక్కలు ఉండవు, టెంట్లు మాత్రమే. కారు పార్కింగ్‌లో వదిలి సామాను మోసుకెళ్లాలి. సీజన్‌లో బుకింగ్ వారం ముందే తెరుస్తారు, ఏ రోజుకారోజు. అంటే ఐదు నెలల ముందు ఓడిపోయినవాళ్లకి రోజుకో అవకాశం. మనిషికి 10 డాలర్లు. టెంట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, నిప్పు చుట్టూ ఎవరెవరో వచ్చి కూర్చుంటారు, నాకు అదే ఇష్టం. పెద్దవాళ్లకి రాత్రి బాత్రూమ్ నడక కొంచెం చూసుకోవాలి.

వీకెండ్‌వాకర్
బ్యాక్‌ప్యాకర్స్ క్యాంప్‌గ్రౌండ్ అని నార్త్ పైన్స్ వెనక ఒకటుంది కదా, దానికి రిజర్వేషన్ అక్కర్లేదని విన్నాను. అక్కడికి వెళ్తే?

బండరాయి
వద్దు. అది వైల్డర్‌నెస్ పర్మిట్ ఉన్నవాళ్లకే. ట్రెక్‌కి ముందు ఒక రాత్రి, దిగొచ్చాక ఒక రాత్రి. పదిహేను కిలోల సంచి మోసి అలసిపోయి వచ్చినవాడి చోటు మనం తీసుకోకూడదు.

చిత్తూరుచిన్నోడు
ఇంకోటి, కారులో పడుకుందామని ఎవరూ అనుకోకండి. చదువుకునే రోజుల్లో నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ రోడ్డు పక్క మలుపులో కారు ఆపి పడుకున్నాం. రాత్రి ఒంటిగంటకి అద్దం మీద టార్చ్ లైటు. పార్కులో సైట్ లేకుండా కారులో పడుకోవడం నిషేధం, రేంజర్ మర్యాదగానే చెప్పాడు కానీ అక్కడి నుంచి బయటికి గంటన్నర డ్రైవింగ్, నిద్రమత్తులో, ఘాట్ రోడ్డు. ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది.

ఆ తర్వాత నేర్చుకున్నది ఏంటంటే పార్కు గేటు దాటి బయటికొస్తే నేషనల్ ఫారెస్ట్. 120 రోడ్డు వైపు స్టానిస్లాస్, 41 వైపు సియెర్రా. అక్కడ చాలాచోట్ల క్యాంప్‌గ్రౌండ్ లేకపోయినా అడవిలో టెంట్ వేసుకోవచ్చు, డబ్బులుండవు. కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉచితంగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, స్టవ్ వెలిగించాలన్నా అది ఉండాలి. ఎండాకాలంలో నిప్పు మీద ఆంక్షలు పెడతారు, వెళ్లే ముందు ఆ ఫారెస్ట్ రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోవాలి.

సియెర్రా_సుజాత
మంచి సలహానే కానీ అక్కడ నీళ్లుండవు, టాయిలెట్ ఉండదు. గొయ్యి ఆరంగుళాల లోతు తవ్వాలి, నీళ్లకి 200 అడుగుల దూరంలో. అరవై దాటిన అమ్మగారు, నాలుగేళ్ల పాప ఉన్నారు. @గోదారిగట్టు, నాన్నగారు సై అంటారేమో, అమ్మగారిని విడిగా అడగండి. మా అత్తగారు మా ముందు "నాకేం ఇబ్బంది లేదమ్మా" అన్నారు, తర్వాత తెలిసింది రెండు రోజులు నీళ్లు తాగడమే తగ్గించేశారని. ఆ ఏడాది నుంచి పెద్దవాళ్లతో వెళ్తే బాత్రూమ్ దగ్గరి సైటే చూస్తాను.

అదే వైపు డబ్బు కట్టి ఉండే క్యాంప్‌గ్రౌండ్లు నయం. ఎవర్‌గ్రీన్ రోడ్డులో డైమండ్ ఓ, 41 మీద దక్షిణం గేటు ముందు సమ్మర్‌డేల్. సమ్మర్‌డేల్ పక్కనే వాగు ఉంటుంది, పిల్లలు కదలరు. అక్కడి నుంచి వ్యాలీకి గంట పైనే పడుతుంది కానీ మారిపోసా గ్రోవ్‌లోని సెక్వోయాలు, ఆ మహావృక్షాలు దగ్గర.

గోదారిగట్టు
అమ్మని అడిగాను. మొదట ఏం ఫర్వాలేదంది, గట్టిగా అడిగితే "బాత్రూమ్ ఉంటే మంచిది రా" అంది. సుజాత గారూ, మీరు చెప్పకపోతే అడిగేవాణ్ణే కాదు.

నల్లమలనడక
8 మంది అన్నారు కాబట్టి చెప్తున్నా. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో సైట్‌కి 8 మంది ఉండొచ్చు. మీకు ఒక్క సైట్ చాలు. హైవే 4 మీద ఆర్నాల్డ్ దాటాక కాలవేరాస్ బిగ్ ట్రీస్, నార్త్ గ్రోవ్, ఓక్ హాలో అని రెండు క్యాంప్‌గ్రౌండ్లు. బుకింగ్ వేరే వెబ్‌సైట్‌లో, రిజర్వ్ కాలిఫోర్నియా. ఆరు నెలల ముందు, ఏ రోజుకారోజు ఉదయం 8కి తెరుస్తారు. మీ తేదీలకి శనివారం దొరకదు కానీ వారం మధ్యలో రద్దులు కనబడతాయి.

నాన్నగారు అడవి మనిషి కదా, ఆయనకి అక్కడ ఒక మొద్దు చూపించండి. 1853లో ఆ పెద్ద సెక్వోయాని పడగొట్టారు, జనానికి చూపించి డబ్బు చేసుకోవడానికి. రంపం అంత లావుకి సరిపోక, చుట్టూ బర్మాలతో తొలుచుకుంటూ పోయారు, మూడు వారాల పైన పట్టింది. మిగిలిన మొద్దు మీద డాన్సులు చేసేవారు. నేను దాని మీద నిలబడితే మాట రాలేదు. మా ఊరి వైపు ఒక మామూలు నల్లమద్ది కొట్టినా మా తాత రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

గోదారిగట్టు
ఇది నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని "ఆ చెట్టు వయసెంత" అని అడిగారు.

నల్లమలనడక
వెయ్యేళ్ల పైమాటే.

పులిహోరపొట్లం
సైట్ దొరికాక సంగతి ఒకటి, ఎవరూ ఎత్తలేదు. ఎలుగుబంట్లు. ప్రతి సైట్‌లో ఇనుప లాకర్ ఉంటుంది, చీకటి పడ్డాక కారులో తినే వస్తువు ఒక్కటీ ఉండకూడదు, 5,000 డాలర్ల దాకా జరిమానా. తిండి ఒక్కటే అనుకోకండి, వాసన వచ్చేవన్నీ. టూత్‌పేస్ట్, సబ్బు, కొబ్బరినూనె, అగరబత్తి, పాప కారు సీటులో రాలిన బిస్కెట్ ముక్కలు. మేం అన్నీ లోపల పెట్టాం అనుకున్నాం, డిక్కీలో మూల పూజ సంచి, అందులో ఆవునెయ్యి చిన్న డబ్బా. తెల్లారి చూస్తే వెనక తలుపు పైభాగం వంచేసి ఉంది, నెయ్యి డబ్బా చెట్టు కింద. తుడిచి పెట్టినంత శుభ్రంగా నాకింది. కారు సంగతి అలా ఉంచండి, మనిషి తిండికి అలవాటుపడ్డ ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది, నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మూడోకూత
కుక్కర్ తీసుకెళ్లేవాళ్లకి: వ్యాలీ 4,000 అడుగుల ఎత్తు, మామూలు గిన్నెలో పప్పు తొందరగా ఉడకదు, కుక్కర్ ఉండాల్సిందే. కాకపోతే రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదు. మా అమ్మ ఐదున్నరకి ఇడ్లీ సాంబారు మొదలుపెట్టింది, మొదటి కూతకి పక్క టెంట్‌లో నుంచి నలుగురు తలలు బయటపెట్టారు, ఎలుగు వచ్చిందని హెచ్చరిక సైరన్ అనుకున్నారట. అమ్మ వాళ్లకి ఇడ్లీలు పంపింది, మర్నాడు వాళ్లే "ఈ రోజు కూత లేదా" అని అడిగారు.

టెంటుమామ
@మూడోకూత 6:01కి పెట్టండి, చట్టం మీ వైపే.

వీకెండ్‌వాకర్
ఒకతను తన బుకింగ్ మూడు రెట్లకి ఇస్తానని మెసేజ్ పెట్టాడు. @గోదారిగట్టు మీరు వద్దన్నారు కానీ వేరే ఎవరైనా తీసుకోవచ్చా?

టెంటుమామ
వద్దు. రిజర్వేషన్ మీద ఉన్న పేరు, ఫోటో ఐడీ కలవాలి. నాలుగు గంటలు నడిపి వచ్చి క్యాంప్‌గ్రౌండ్ కియాస్క్ దగ్గర వెనక్కి తిరగాల్సి వస్తుంది, పిల్లలతో. పైగా కొనేవాడు ఉన్నంతకాలం అమ్మేవాడు బుక్ చేస్తూనే ఉంటాడు. గోదారిగట్టు గారూ, మీక్కూడా ఇది వర్తిస్తుంది, రెండో సైట్ మీ తమ్ముడి పేరు మీదే తీయించండి, వాడే ఐడీ చూపించాలి.

గోదారిగట్టు
మే చివరికొచ్చాం, ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను. కాలవేరాస్‌లో సోమవారం నుంచి మూడు రాత్రులు ఒక సైట్ దొరికింది, బాత్రూమ్‌కి దగ్గర. అది చేతిలో ఉంది కాబట్టి టెన్షన్ తగ్గింది. వ్యాలీకి అలర్ట్ పెట్టుకుని చూస్తున్నా. ఇప్పటికి పదకొండుసార్లు మోగింది, పదకొండుసార్లూ నేను తెరిచేలోపే పోయింది. ఒకసారి మీటింగ్‌లో ఉండి చూడలేదు.

ప్లాన్‌బి
@గోదారిగట్టు జూన్ చివరి శుక్ర శనివారాలు నా దగ్గర మూడు సైట్లు ఉన్నాయి. మీకు నేరుగా ఇవ్వడం కుదరదు, పేరు మారదు. కానీ మూడిట్లో రెండు ఈ రోజే వదిలేశాను, ఇది చదివిన రోజు నుంచి అనుకుంటూనే ఉన్నా. జూలైవి కూడా ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేశాను. మీకు దొరికాయో లేదో తెలియదు, ఎవరికో ఒకరికి దొరికే ఉంటాయి.

సియెర్రా_సుజాత
థాంక్యూ అండీ. బాబుకి ఈ ఏడాది పొగ లేని వారాంతం రావాలి.

గోదారిగట్టు
@ప్లాన్‌బి శుక్రవారం మాకు కుదరదు కానీ మీరు చేసింది చాలా పెద్ద పని. అవి 4 నిమిషాల్లో పోయాయి, నేను చూస్తూనే ఉన్నాను, మొదటిసారి ఏడుపు రాలేదు.

గోదారిగట్టు
దొరికింది!! టెంటుమామ గారూ, మీరు చెప్పిన లెక్కే. ఆదివారానికి సరిగ్గా మూడు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం, లంచ్‌లో ఉండగా మోగింది. లోయర్ పైన్స్, ఆదివారం ఒక్క రాత్రి. నేను అది తీసుకుంటుండగానే తమ్ముడికి ఫోన్ చేశాను, వాడు సాయంత్రం దాకా రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటే అప్పర్ పైన్స్‌లో అదే రాత్రి ఇంకోటి, వాడి పేరు మీద. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లొచ్చట కదా. ఆదివారం రాత్రి వ్యాలీ, సోమవారం పొద్దున నది పక్క ఆ పాత క్యాంప్‌గ్రౌండ్ నేల చూసుకుని కాలవేరాస్ వెళ్తాం. ఒక్క రాత్రే అన్నాను నాన్నతో, "ఒక్క రాత్రి చాలు, నిద్రపోను" అన్నారు.

నల్లమలనడక
వ్యాలీ నుంచి కాలవేరాస్‌కి దారి పొడుగే, మలుపులు ఎక్కువ. పొద్దున్నే బయల్దేరండి, చీకటిపడే ముందు టెంట్ వేసుకోవాలి.

మూడోకూత
రాత్రి బాగా చలేస్తుంది, జూన్ అని తేలిగ్గా తీసుకోకండి. పెద్దవాళ్లకి మంకీ క్యాప్, ఉన్ని సాక్సులు, కింద పరుచుకోవడానికి మందంగా ఏదైనా. నేల నుంచి వచ్చే చలే ఎక్కువ.

గోదారిగట్టు
మంకీ క్యాప్ అమ్మ ఇండియా నుంచే తెచ్చింది. దాంతో పాటు రెండు కిలోల ఆవకాయ, గాజు జాడీలో. లాకర్‌లో పడుతుందా?

పులిహోరపొట్లం
పడుతుంది. లాకర్ 45 అంగుళాల వెడల్పు, 33 లోతు, 18 ఎత్తు. జాడీ మూత మీద గుడ్డ కట్టి, పైన రెండు ప్లాస్టిక్ కవర్లు తొడిగి లోపలి మూలకి పెట్టండి. తిన్న వెంటనే గొళ్లెం వేయాలి, "ఇంకో ముద్ద వేసుకుంటా, తెరిచే ఉంచు" అనకూడదు.

గోదారిగట్టు
గొళ్లెం డ్యూటీ నాన్నదే అన్నారు.